పట్టు వదలని విక్రమార్కుడిని టీషర్టు మీదికి ఎక్కించడం ఎలా? (అభిమానుల డిజైన్లపై చర్చ)

హోరమావు చదువరి

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా మిత్రబృందంలో 30 మందిమి ఉన్నాము. కామిక్సులన్నా, సైన్స్ ఫిక్షన్ అన్నా, అంతరిక్షమన్నా చెవి కోసుకునేవాళ్లమే అందరమూ. ఏటా వైట్‌ఫీల్డ్‌లో జరిగే కామిక్ కాన్ అనే కామిక్సు అభిమానుల జాతరకు వెళ్లినప్పుడల్లా నాకు ఒక లోటు కనిపిస్తూ ఉంటుంది. అక్కడ వేలమంది ఒంటి మీద ఉండే బొమ్మలన్నీ అమెరికావో జపానువో అయి ఉంటాయి. వాటి మీద నాకూ ఇష్టమే, నా దగ్గరా అలాంటివి పదికి తక్కువ లేవు. కానీ మనం పెరిగిన కథలు, మన లిపిలో, మన వెటకారంతో ఒక్క చొక్కా మీదైనా కనిపించకపోవడం నన్ను బాధపెడుతోంది. అందుకే ఈసారి మా టీషర్టులు మేమే గీసుకోవాలని నిశ్చయించుకున్నాము. మా 30 పోగా మరో 60 దాకా వేయించి, ఇష్టపడినవారికి అమ్మాలని కూడా ఉంది.

మూడు ఊహలు ఉన్నాయి. పాత చందమామలోని విక్రమార్కుడు బేతాళుడిని భుజాన వేసుకుని నడిచే బొమ్మను కంప్యూటర్‌లో ట్రేస్ చేసి వేయడం మొదటిది, నా మనసంతా దాని మీదే ఉంది. ఆర్యభట ఉపగ్రహం రెండోది. మాయాబజార్ సినిమాలోని ప్రియదర్శిని పెట్టె మూడోది. ఈ పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గీతల పుస్తకం

మీ తపన నాకు బాగా అర్థమైంది. పదేళ్లుగా బొమ్మలు గీస్తూ బతుకుతున్నదాన్ని కనుక ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఇష్టమైన బొమ్మను ఉన్నదున్నట్టు ఛాతీ మీద అచ్చువేస్తే అది గోడ మీది పోస్టరు చొక్కా మీదికి వచ్చినట్టే ఉంటుంది. చూసినవాళ్లు గుర్తుపడతారు, అక్కడితో సరి. తెలిసినవాడు చూసి ఒక్క క్షణం ఆగి, నవ్వి, దగ్గరికి వచ్చి పలకరించే చొక్కా వేరు. నాకు తెలిసినంతలో అందుకు గొప్ప ఉదాహరణ, నల్ల చొక్కా మీద తెల్లని అలల గీతలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టుండే ఆ ప్రసిద్ధమైన డిజైన్. తెలియనివారికి అది కొండల వరుస. సంగీతం తెలిసినవారికి 1979లో జాయ్ డివిజన్ బృందం తెచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట. ఖగోళశాస్త్రం తెలిసినవారికి 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొట్టమొదటి పల్సార్ (గిర్రున తిరుగుతూ రేడియో స్పందనలు పంపే నక్షత్రం) నుంచి వరుసగా వచ్చిన స్పందనల రేఖాచిత్రం. హెరాల్డ్ క్రాఫ్ట్ 1970లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఆ గీతలు ఉన్నాయి, అక్కడి నుంచి ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలోకి, దాని నుంచి ఆల్బమ్ అట్ట మీదికి ప్రయాణం చేశాయి. ఒకే బొమ్మ ముగ్గురికి మూడు విధాలుగా తలుపు తీస్తోంది చూడండి.

కాబట్టి ట్రేస్ చేయకముందు మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. చిన్నప్పుడు ఆ కథల్లో మిమ్మల్ని పట్టేసినది ఏమిటి? బొమ్మ గీయవలసింది దానికే.

వడపళని పాఠకురాలు

చెన్నై నుంచి రాస్తున్నాను. చందమామ 1947 జూలైలో ఈ ఊళ్లోనే పుట్టింది. వడపళనిలో నేను నడిచే వీధులకు ఆ పత్రికతో ఉన్న బంధం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది. అందుకే చదువరి గారికి కొంచెం గట్టిగానే చెబుతున్నాను, మన్నించండి: ఆ బొమ్మను ట్రేస్ చేయకండి.

మీరు చెప్పిన బొమ్మ చందమామ చిత్రకారుడు శంకర్ గారిది. ఒక చేత్తో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, ఆ నడకలోని బరువు, ఇవన్నీ దశాబ్దాలపాటు ఆయన చేయి గీసి గీసి నిలబెట్టినవి. ఆయన 2020లో కన్నుమూశారు. విక్రమ బేతాళ కథలు మాత్రం ఆయనవీ కావు, చందమామవీ కావు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాయవి, అంతకుముందు నుంచీ జనం నోళ్లలో ఉన్నాయి. కథ మనందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ బొమ్మ ఒకరి చేతి కష్టం. ఆ రెంటికీ మధ్య గీత చెరిపేయకుండా ఉంటే చాలు, మీకు దారి విశాలంగానే ఉంది.

న్యాయశాల

పాఠకురాలు గారు మనసుతో చెప్పినదే చట్టమూ చెబుతోంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి బొమ్మకు ఆయన మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. ఆ హక్కు చిత్రకారుడి వారసులదా, పత్రికదా అన్నది వేరే ప్రశ్న, ఎవరిదైనా మనది మాత్రం కాదు. 52వ సెక్షన్ సొంత వాడకానికీ, విమర్శకూ, సమీక్షకూ, వర్తమాన వార్తలకూ కొంత వెసులుబాటు ఇస్తుంది. 60 చొక్కాలు అమ్మడం ఆ కోవలోకి రాదు. అభిమానంతో చేశామన్నది నైతికంగా ఎంత నిజమైనా, చట్టంలో దానికంటూ ఒక మినహాయింపు లేదు.

చేతితో కొంచెం మార్చి గీస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు, ఊహకు కాపీరైట్ లేదనీ, ఆ ఊహను వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందనీ స్పష్టం చేసింది. చూసినవాడికి ఇది ఫలానాదానికి నకలు అన్న భావన కలుగుతుందా లేదా అన్నదే అక్కడి కొలబద్ద. కామిక్సుల విషయంలోనే ఒక ఉదాహరణ ఉంది. రాజ్ కామిక్స్ వారి నాగరాజ్‌కు దగ్గరి పోలికలతో నాగేశ్ అనే పాత్ర వస్తే, 1997లో ఢిల్లీ హైకోర్టు దానిని అడ్డుకుంది. పేరు మారినా పోలిక దాగలేదు.

మీ మూడో ఊహ గురించి కూడా చెప్పేస్తాను. సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు లెక్క. మాయాబజార్ 1957లో వచ్చింది కనుక ఆ సినిమా మీది హక్కు 2017 చివరితో తీరిపోయింది. కానీ సంభాషణలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. ఆయన రచనల లెక్క వేరుగా 2031 దాకా నడుస్తుంది. నటీనటుల ముఖాలు వాడితే వ్యక్తిత్వ హక్కు అన్న మరో చిక్కు వస్తుంది. 2015లో మద్రాసు హైకోర్టు రజనీకాంత్ పేరునూ, పోలికనూ అనుమతి లేకుండా సినిమాలో వాడుకోరాదని ఆదేశించింది. ముఖాలు లేకుండా, సంభాషణలు లేకుండా, తెరిస్తే మనకు ప్రియమైనవారు కనిపించే ఒక పెట్టెను మీ చేత్తో మీరు గీసుకుంటే అభ్యంతరం పెద్దగా ఉండదని నా అభిప్రాయం.

పీణ్య 26

రెండో ఊహను వదిలేయకండి, అది మన ఊరి కథ. ఆర్యభట తయారైనది పీణ్య పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లలో. నేను రోజూ ఆ వాడ గుండానే పనికి వెళతాను. 1975 ఏప్రిల్ 19న సోవియట్ భూమి నుంచి అది పైకి ఎగిరింది. బరువు 360 కిలోలు. దానికి 26 ముఖాలు, పైదీ అడుగుదీ తప్ప అన్నింటి మీదా సౌర ఘటాలు. నా పేరులోని 26కు అర్థం అదే. పాత రెండు రూపాయల నోటు వెనుక ఉన్నది ఆ ఉపగ్రహమే. ముఖాల అంచులను తెల్లని గీతలుగా గీసి, కింద "పీణ్య నుంచి" అని రెండే మాటలు రాస్తే, ఈ ఊళ్లో ఉద్యోగం చేసే ఏ తెలుగువాడూ ఆగి చూడకుండా పోలేడు. ప్రభుత్వ సంస్థల చిహ్నాల జోలికి మాత్రం పోవద్దు. వాటి వాణిజ్య వాడకాన్ని నిషేధించడానికి 1950 నుంచే ఒక ప్రత్యేక చట్టం ఉంది.

అర్ధరాత్రి డీబగ్గర్

గీతల పుస్తకం గారు అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదలలేదు. బేతాళ కథల్లో నన్ను పట్టేసినది బొమ్మ కాదు, ఆ కథల నిర్మాణం. చెట్టు ఎక్కు, శవాన్ని దించు, నడువు, కథ విను. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు, మళ్లీ మొదటి నుంచి. ప్రోగ్రామింగ్ నేర్చుకునేటప్పుడు లూప్ అన్న మాట విన్న మొదటి రోజే నాకు ఈ కథ గుర్తుకొచ్చింది. చొక్కా మీద దీనిని ఫ్లోచార్టుగా, అంటే గడులూ బాణాలుగా, వేస్తే ఎలా ఉంటుంది? అన్నీ తెలుగు మాటలే. "శవాన్ని దించు", "కథ విను", "జవాబు తెలుసా?", "అవును", "చెప్పు", అక్కడి నుంచి బాణం మళ్లీ "చెట్టు" దగ్గరికి. మనుషుల బొమ్మ ఒక్కటి కూడా అక్కరలేదు.

వడపళని పాఠకురాలు

డీబగ్గర్ గారూ, ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక్క విషయం చేర్చాలి. మూలంలో ఆ లూప్ నుంచి బయటపడే దారి ఉంది. చివరి కథలో బేతాళుడు అడిగిన ప్రశ్నకు రాజుకు జవాబు నిజంగానే తెలియదు. తెలియదు కనుక తల పగలదు, మాట్లాడడు కనుక మౌనం చెడదు. తెలియకపోవడమే ఆయనను గమ్యానికి చేర్చింది. చందమామలో మాత్రం నెలనెలా కొత్త కథ కావలసి వచ్చింది కనుక రాజు దశాబ్దాలపాటు చెట్టుకూ శ్మశానానికీ మధ్య నడుస్తూనే ఉన్నాడు. పిల్లలుగా మనకు తెలిసినది ఆ అంతులేని నడకే. "తెలియదు" అన్న దారి కూడా మీ చార్టులో ఎక్కడో ఒకచోట ఉండాలని నా కోరిక.

గీతల పుస్తకం

అయితే ముందువైపు అంతులేని లూప్ ఉండనివ్వండి, చందమామది. "తెలియదు" అన్న బాణం భుజం మీదుగా వెనక్కి వెళ్లి, వీపు మీద "మౌనం" అన్న చిన్న గడిలో ముగిస్తే, సోమదేవుడిదీ ఉన్నట్టు అవుతుంది. ముందు నుంచి చూసినవారికి దారి ఉందని తెలియదు. మీరు వెనుదిరిగితేనే తెలుస్తుంది.

హోరమావు చదువరి

నాకు మాటలు రావడం లేదు. మా బృందానికి చూపించాను, ముప్ఫై మందీ ఒక్కమాట మీద ఇదే కావాలన్నారు. ట్రేస్ చేసిన ఫైలును తీసేశాను. ఆర్యభటను వచ్చే ఏటికి ఉంచుకుంటాము. ఇప్పుడు అచ్చు సంగతి చెప్పండి. డీటీఎఫ్ వేయించమని కొందరు, స్క్రీన్ ప్రింటింగ్ వేయించమని కొందరు అంటున్నారు.

స్క్రీను పనివాడు

మాది చిత్తూరు జిల్లా. ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. మీ డిజైన్ చూడగానే నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే అది ఒకే రంగు పని. స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకూ ఒక స్క్రీను (చట్రానికి బిగించే సన్నని జాలీ) సాగదీయాలి, ఎమల్షన్ (వెలుతురుకు గట్టిపడే పూత) పూయాలి, ఫిల్మ్ పెట్టి వెలుతురుకు ఎక్స్‌పోజ్ చేయాలి, కడగాలి. అయిదు రంగులుంటే అయిదుసార్లు ఆ చాకిరీ, అయిదూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. పది చొక్కాలకు అది గిట్టుబాటు కాదు, అక్కడ డీటీఎఫ్ నయం. మీవి 90, రంగు ఒకటే. సందేహం లేకుండా స్క్రీన్ వేయించండి.

డీటీఎఫ్ అంటే ఫిల్మ్ మీద రంగులూ తెలుపూ అచ్చువేసి, జిగురు పొడి చల్లి, వేడితో చొక్కాకు అతికించడం. ఫొటోలాంటి బొమ్మలకు అది చక్కగా వస్తుంది. కానీ పెద్ద బొమ్మ అయితే ఛాతీ మీద ప్లాస్టిక్ అట్టలాగా ఉండి గాలి ఆడదు. చెన్నైలో చెమటకు అది నరకం. సబ్లిమేషన్ (వేడికి రంగు ఆవిరై బట్టలోకి దిగే పద్ధతి) అనేది పాలిస్టర్‌కు, అదీ లేత రంగులకు మాత్రమే. కాటన్ మీద అడగవద్దు.

నల్ల చొక్కా మీద తెలుపు అన్నది వినడానికి తేలిక, చేయడానికి కాదు. ఒక్క గుంజుడుకు నలుపు కనబడుతూనే ఉంటుంది. ఒకసారి వేసి, మధ్యలో కాస్త ఆరబెట్టి, మళ్లీ వేయాలి. గట్టి తెలుపు కోసం సెంటీమీటరుకు 43 పోగుల మెష్ (స్క్రీను జాలీ) వాడతాము, అది ఇంకును దండిగా దింపుతుంది కానీ సన్నని గీతలను పట్టుకోదు. సన్న అక్షరాలుంటే 77కు వెళ్లాలి. ప్లాస్టిసాల్ ఇంకు దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి పై పొర నుంచి అడుగు దాకా తగిలితేనే ఉడుకుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటే మూడో ఉతుకుకు పగుళ్లు వస్తాయి. మీరు ఎవరికి పని ఇచ్చినా ఒక చొక్కా ముందుగా వేయించి, అచ్చును రెండు చేతులతో సాగదీసి చూడండి. పగిలితే ఉడకలేదని అర్థం.

భుజం మీదుగా బాణం గురించి మాత్రం కాదనక తప్పదు. కుట్టు మీద స్క్రీను సమంగా ఆనదు, ఇంకు ఒకవైపు పేరుకుంటుంది, ఒకవైపు తెగిపోతుంది. బాణాన్ని ముందువైపు భుజపు కుట్టుకు రెండు వేళ్ల దూరంలో ఆపేసి, వెనుక కాలరు కింద నుంచి మళ్లీ మొదలుపెట్టండి. చూసేవాడి కన్ను మధ్యలోది తానే కలుపుకుంటుంది.

గీతల పుస్తకం

పనివాడు గారి సలహా నా ఊహ కంటే బాగుంది, తెగిన బాణం ఇంకా అందంగా ఉంటుంది. ఇప్పుడు అక్షరాల గురించి చెప్పాలి, ఎందుకంటే తెలుగు చొక్కాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మూడేళ్ల కిందట ఒక అచ్చుశాలకు నేను పంపిన ఫైలు అక్కడి కంప్యూటర్‌లో తెరుచుకునేసరికి వత్తులన్నీ విడిపోయి, అక్షరాల పక్కన పొల్లులతో నిలబడ్డాయి. చూసే మనిషికి తెలుగు రాదు, అలాగే 40 చొక్కాలు అచ్చువేసి ఇచ్చారు. ఆ రోజు నేను ఏడ్చాను. అప్పటి నుంచి అక్షరాలను కర్వ్స్‌గా మార్చకుండా ఫైలు బయటికి పంపను. కర్వ్స్‌గా మార్చాక అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఏ కంప్యూటర్‌లోనైనా అలాగే ఉంటాయి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో తెలుగు యూనికోడ్ చక్కగా కుదురుతుంది, అది ఉచితం కూడా.

రామభద్ర, రవిప్రకాశ్, సురవరం, ధూర్జటి వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వాటితో అచ్చువేసిన చొక్కాలు అమ్ముకోవచ్చు. అయితే మన లిపి అంతా గుండ్రన, దాని లోపలి ఖాళీలు చిన్నవి. ఇంకు గుడ్డ మీద కొద్దిగా పరుచుకోగానే ముందుగా పూడిపోయేవి అవే. అందుకని అక్షరాల మధ్య ఎడం పెంచండి, ఒక పాయింటు కంటే సన్నని గీత ఎక్కడా ఉండనివ్వకండి. నల్ల బట్ట మీద తెల్ల అక్షరం లావుగా కనిపిస్తుంది కనుక మరీ మందపాటి ఫాంటు కూడా వద్దు.

న్యాయశాల

ఇది ఇప్పుడు మీ సొంత సృష్టి కనుక మీ హక్కు గురించి ఒక మాట. కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హత ఉండీ నమోదు చేయించని డిజైనును పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ వస్తువులపై వేస్తే, ఆ డిజైను మీది కాపీరైట్ తీరిపోతుంది. చొక్కా మీది బొమ్మ కళాఖండమా, డిజైనా అన్నదానిపై కోర్టుల్లో చాలా వాదాలు నడిచాయి. మీవి 90 కనుక ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. ముందుగా గీసిన కాగితాలు, తేదీలున్న ఫైళ్లు భద్రంగా దాచండి. అమ్మే చోట చందమామ పేరును ప్రచారానికి వాడకండి, ఆ పేరు మీది కాదు. "విక్రమార్కుడు", "బేతాళుడు" అని మాత్రం నిర్భయంగా రాసుకోండి.

వడపళని పాఠకురాలు

నాకు రెండు చొక్కాలు కావాలి, ఒకటి మా నాన్నగారికి. ఆయనకు ఫ్లోచార్టు అంటే ఏమిటో తెలియదు. కానీ నిన్న ఫోనులో బాణాలు ఎటు పోతాయో చెబుతుంటే, "చెప్పు" దగ్గరికి రాగానే ఆయనే "మళ్లీ చెట్టెక్కాడా!" అన్నారు. చెన్నైకి పంపేవి 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) కోంబ్డ్ కాటన్ దాటకుండా చూడండి. ఇప్పుడు కుర్రాళ్లు ఇష్టపడే 240 జీఎస్ఎమ్ వదులు చొక్కాలు బెంగళూరు చలికి సరిపోతాయి, ఇక్కడ కాదు.

హోరమావు చదువరి

తిరుప్పూరు నుంచి వచ్చిన 180 జీఎస్ఎమ్ నల్ల చొక్కాలు చిక్కపేటలో తీసుకున్నాము, బయోవాష్ (నూగు పోయేలా ఎంజైములతో ఉతకడం) చేసినవి. నమూనా ఒకటి వేయించి అయిదుసార్లు ఉతికాను, సాగదీశాను, పగల్లేదు. కానీ "శవాన్ని"లోని న వత్తు సగం పూడిపోయి చుక్కలాగా కనిపిస్తోంది. అందుకని ఆ ఒక్క గడిని పెద్దది చేసి, మెష్ 77కు మార్చి, ఫిల్మ్ మళ్లీ తీయిస్తున్నాము. వెనుక కాలరు కింద "మౌనం" మాత్రం మొదటిసారికే అద్భుతంగా వచ్చింది. మా బృందంలో ఒకరు దానిని వేసుకుని మెట్రోలో నిలబడితే, వెనుక ఉన్న పెద్దాయన భుజం తట్టి, ముందువైపు చూపించమని తెలుగులో అడిగారట.

శనివారం అచ్చు మొదలవుతుంది. సైజులు గురువారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. పాఠకురాలు గారూ, నాన్నగారి సైజు చెప్పండి.

వడపళని పాఠకురాలు

ఎల్. నాది ఎమ్.